పైడన్న ముఖం కోసం నూకాలు పట్టిన బొమ్మలు

అనగా అనగా, పొద్దు కూడా మంచుతెరలు ఒక్కొక్కటే తొలగించుకుంటూ, దారి వెతుక్కుంటూ వచ్చే ఊరు ఒకటి ఉండేదట. అటు సముద్రం, ఇటు కొండలు. ఆ ఊరి పేరు తెరలకోన.

ఆ కోనలో మసకపురుగులని ఉండేవి. పట్టుపురుగులకు పినతల్లి పిల్లలనుకోండి. అవి ఏడాదికి ఒక్కసారే గూళ్లు కడతాయి. ఆ గూళ్లు విప్పి నేసిన గుడ్డకు ఒక వింత గుణం ఉండేది. చిన్న చెక్కపెట్టె చేసి, దానికి ఆవగింజంత కన్నం పెట్టి, లోపల ఆ పట్టుముక్క బిగించి కన్నం మీది మూత తీస్తే, ఎదురుగా ఉన్నది ఏదైనా సరే వచ్చి ఆ గుడ్డ మీద వాలేది. ఆకు మీద మంచు వాలినట్టు, చప్పుడు లేకుండా. ఆ పైన ఉప్పునీళ్లలో జాడిస్తే ఇక చెరగదు. దాన్ని నీడపెట్టె అనేవారు.

మూత ఎంతసేపు తీసి ఉంచాలి? పాటలో ఒక చరణం పాడినంతసేపు. తక్కువైతే బొమ్మ వాలదు, ఎక్కువైతే మాడిపోతుంది. అందుకని ఆ ఊళ్లో బొమ్మ పట్టేవాళ్లంతా లోలోపల పాడుకుంటూ పెదవులు కదిలిస్తూ ఉండేవారు.

ఇంకొక ఆచారం కూడా ఉంది. వెలుగిచ్చే దొర సూర్యుడు కదా, ఆయనకు వీపు చూపించి బొమ్మ పట్టకూడదు. ముందు ఆయనకు దండం పెట్టి, ఆయన వైపు తిరిగే మూత తీయాలి. మరి ఎదుట నిలబడ్డవాళ్ల ముఖం సంగతి? వాళ్ల వెనక పొద్దు, ముందు చీకటి. ఏ బొమ్మ చూసినా ముఖం ఉండాల్సిన చోట మసే. తరతరాలుగా అంతే గనుక అది తప్పని ఎవరికీ తోచలేదు. తలపాగా చూసి మామను, నడుము వంపు చూసి అత్తను గుర్తుపట్టేవారు.

ఆ ఊళ్లోనే పైడన్న, నూకాలు అని ఇద్దరు అన్నాచెల్లెళ్లు ఉండేవారు. అమ్మానాన్నలు చిన్ననాడే పోతే, పైడన్నే చెల్లెలికి జడ వేశాడు, గంజి కాచి పోశాడు, జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగాడు. ముత్యాల కోసం సముద్రంలో మునిగే పని అతనిది. ఒకప్పుడు ఆలిచిప్ప కోసుకుని ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ పడింది. అతను నవ్వితే ముందు ఆ మచ్చ నవ్వేది.

ఆ ఏడు రాజుగారి చాటింపు వచ్చింది. ఉత్తరపుగాలి తిరగగానే పడవలు దక్షిణాన ముత్యాలదీవికి పోవాలి. పోయినవాళ్లు మళ్లీ ఎన్నేళ్లకు వస్తారో ఆ గాలికే తెలియాలి.

"నువ్వు తిరిగొచ్చేదాకా నీ ముఖం నాకు గుర్తుంటుందా అన్నా?" అంది నూకాలు. "అమ్మ ముఖం మరిచిపోయాను చూడు. ఎంత తలుచుకున్నా చేతి గాజులే గుర్తొస్తాయి."

పైడన్న మాట మార్చాడు. "నా ముఖం మరిచిపోతే నీకే లాభం. పీడకలలు తగ్గుతాయి" అన్నాడు.

ఆమె నవ్వలేదు. మర్నాడే ఒక నీడపెట్టె చేసుకుంది. మసకపట్టు ముక్కలు కొన్ని సంపాదించింది. గాలి తిరిగేలోగా అన్న ముఖం పట్టాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

అన్నను ఇంటి ముందు నిలబెట్టింది. సూర్యుడికి దండం పెట్టి, ఆయన వైపు తిరిగి మూత తీసింది. లోలోపల ఒక చరణం పాడింది. మూత వేసింది. ఉప్పునీళ్లలో జాడించి, సంతనాడు రేవుకు తీసుకెళ్లింది.

సంతనాడు రేవులో బారుగా తాడు కట్టేవారు. కొత్తగా పట్టిన బొమ్మలు దాని మీద ఆరవేయడం అక్కడి రివాజు. ఆ తాడు మీదే ఒక చిలక, ఒక కాకి కూర్చుని బొమ్మల మంచిచెడ్డలు చెప్పేవి. మనుషులకు బేరాలతోనే సరిపోతుంది కదా, తీరిక పక్షులకే.

చిలక ఇటు జరిగింది, అటు జరిగింది. "ఆహా, ఏమి బొమ్మ తల్లీ. ఇలాంటిది నేను పుట్టి చూడలేదు" అంది.

నూకాలు ముఖం విప్పారింది. పక్కన ఎవరో ఎండుచేపల బుట్టను పట్టిన బొమ్మ ఉంది. చిలక దానివైపు తిరిగి, "ఆహా, ఏమి బొమ్మ తల్లీ. ఇలాంటిది నేను పుట్టి చూడలేదు" అంది. నూకాలు అది విన్నదో లేదో. ఎగురుకుంటూ ఇంటికి పోయి, మళ్లీ అలాగే ఇంకొక బొమ్మ పట్టింది. మెచ్చుకున్న దారే కదా మంచి దారి అనుకుంది.

రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పైడన్న గడ్డం గోక్కున్నాడు. "పంచె నాదే. కాళ్లూ నావే. పైన ఈ పొయ్యిబొగ్గు ఎవరమ్మడూ?"

"మీ చెల్లెలు ఊరికే పట్టుముక్కలు పాడుచేస్తోంది" అంది కాకి పైడన్నతో, సంతనాడు రేవులో రెండో బొమ్మ తాడెక్కగానే. "కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గదా. ఇంత నల్లటి బొమ్మ, నాకే ముద్దు రాలేదు."

తాడు చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

"అయితే ఏం చేయమంటావు కాకయ్యా?" అని అడిగింది నూకాలు, చెవులు ఎర్రబడగా.

"అది నాకేం తెలుసు? వంకర చెప్పడం వరకే నా పని. సరిచేసుకోవడం ఎవరి తంటా వాళ్లది" అని కాకి ముక్కు తాడుకేసి రాసుకుంది.

ఆ పూట నూకాలు నీడపెట్టె చంకన పెట్టుకుని ఏటి మొగకు పోయింది. ఏరు సముద్రంలో కలిసేచోటు అది. నీళ్లు ఎటు పోవాలో తోచనట్టు నిలిచి, మబ్బులను తమలో తిప్పుకుంటూ ఉంటాయి. పెట్టె అందులో పడేద్దామని చెయ్యెత్తింది.

"కాస్త ఆగు తల్లీ. చేపలు బెదురుతాయి" అని ఒక గొంతు.

చూస్తే మోకాలి లోతు నీళ్లలో నారాయణపక్షి. బూడిద రంగు, పొడుగు మెడ. అది ఎప్పటినుంచి అక్కడ నిలబడి ఉందో ఎవరికీ తెలియదు. దాని కాళ్లకు నాచు కూడా పట్టింది.

"ఏమిటది?"

"నీడపెట్టె తాతా. నాకు చేతకాలేదు."

"బొమ్మ ఉందా? చూపించు."

నూకాలు భయం భయంగా బొమ్మ పరిచింది. నారాయణపక్షి ఒక కంటితో చూసింది. మెడ తిప్పి రెండో కంటితో చూసింది. ఆహా అనలేదు, ఛీ అనలేదు. చాలాసేపు చూస్తూనే ఉంది. ఆలోగా ఏటి నీళ్లు ఒకసారి వెనక్కు పోయి ముందుకు వచ్చాయి.

"ఇందులో నువ్వు ఏమి పట్టాలనుకున్నావు?" అని అడిగింది చివరికి.

ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. నూకాలు పెట్టె కింద పెట్టింది. "మా అన్న ముఖం. నవ్వితే కనుబొమ మీద మచ్చ కదులుతుంది. అది" అంది.

"ఊ. నాకు కనబడింది చెబుతాను విను. ముందు ఆకాశం కనబడింది, తళతళలాడుతూ. తరవాత పంచె కుచ్చిళ్లు. కుచ్చిళ్ల మీద గాలి ఆడింది కూడా తెలుస్తోంది, అది బాగా దొరికింది నీకు. ముఖం మాత్రం నాకు చేరలేదు. వెలుగంతా అతని వీపు మీదే ఆగిపోయింది."

"సూర్యుడికి వీపు చూపించకూడదు కదా తాతా?"

"ఎందుకు చూపించడం? నన్ను చూడు. పొద్దున ఆయన నా కుడిచెంప మీద ఉంటాడు, సాయంత్రం ఎడమచెంప మీద. నేను ఇటే తిరిగి చేపలు పడతాను. ఏనాడూ వీపు చూపించలేదు, ఏనాడూ నా కళ్లలో ఎండ పడలేదు."

నూకాలు తన కుడిచెంప తడుముకుంది. వెచ్చగా ఉంది. ఇన్నేళ్లూ ఆ వెచ్చదనం అక్కడే ఉండి కూడా మాట చెప్పలేదు చూశారా.

పెట్టె మళ్లీ చంకన పెట్టుకుని ఇంటికి పరిగెత్తింది.

ఈసారి అన్నను ఇంటి పక్కన, పొద్దు ఒక చెంపన ఉండేలా నిలబెట్టింది. తనూ అలాగే నిలబడింది. దొరకు వీపు లేదు, అన్నకు చీకటి లేదు. అయితే, ఇక ఏదీ పోకూడదని ఆశ పుట్టింది ఆమెకు. ఇల్లు రావాలి, మునగచెట్టు రావాలి, అన్న పెంచిన మేక రావాలి, అన్న కట్టిన దడి రావాలి. వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి పోయి మూత తీసింది.

రెండు రోజులకు ఏటి మొగలో నారాయణపక్షి ఆ బొమ్మను ఎప్పటిలాగే రెండు కళ్లతోనూ చూసింది.

"ముఖం మీదికి వెలుగు వచ్చేసింది. తెరలకోనలో వెలుగు తగిలిన ముఖం ఇదే మొదటిది కాబోలు" అంది.

"వచ్చింది కానీ తాతా, నూకగింజంతే ఉంది."

"నీకే కనబడిందన్నమాట. మరి ఈ మేక ఎందుకు?"

"అన్నకు ముద్దు."

"ఈ దడి?"

"అన్న కట్టాడు."

"అన్నం తినేటప్పుడు కుండా, చట్టీ, పొయ్యీ కూడా నోట్లో పెట్టుకుంటామా తల్లీ? ముద్దే కదా పెట్టుకుంటాం. మచ్చ నీకు కనబడేంత దగ్గరికి పో. అక్కడ ఆగు."

నూకాలుకు కొంచెం కోపం వచ్చింది. "ఈ మాట మొన్ననే చెప్పి ఉంటే ఒక పట్టుముక్క మిగిలేది కదా?"

"మొన్న నీ చేతిలో ఒక్క మాటకే చోటుంది. రెండోది ఇచ్చి ఉంటే మొదటిది జారవిడిచేదానివి. విస్తరి ఎంతో చూసే కదా వడ్డించాలి."

ఆమె ఆలోచించింది. నిజమే. ఆ రోజు పెట్టె పడేయడానికి వచ్చింది కదా.

అప్పటికి గాలి మారే వాసన వస్తోంది. రేవులో పడవలకు కొత్త తెరచాపలు కడుతున్నారు. ఉదయాన మంచుతెరలు ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక్కొక్కటే జరిగిపోవడం మొదలుపెట్టాయి. నూకాలు దగ్గర పట్టుముక్కలు అడుగంటాయి.

మచ్చ కనబడేంత దగ్గరికి పోయింది. పొద్దును చెంపన పెట్టుకుంది. "కదలకు అన్నా. ఊపిరి కూడా మెల్లగా" అంది.

పైడన్న మునిగే మనిషి. కదలకు అంటే అతనికి ఒక్కటే తెలుసు. గుండెల నిండా ఊపిరి పీల్చి, బుగ్గలు పూరించి, కళ్లు బిగించి, సముద్రం అడుగున ఉన్నట్టు నిలబడ్డాడు.

బొమ్మ రేవులో తాడు మీద ఆరింది. వెలుగు బాగుంది. దగ్గరితనం బాగుంది. మధ్యలో బూరెలా ఉబ్బిన ముఖం.

"ఆహా, ఏమి బొమ్మ తల్లీ" అంది చిలక.

"బోదురుకప్పను పట్టింది" అంది కాకి. ఈసారి పైడన్న కూడా నవ్వాపుకోలేక ఒక పడవ అంచు పట్టుకుని కూలబడ్డాడు. అతను నవ్వితే మచ్చ నవ్వింది. నూకాలు అది చూసింది. ఇదే కదా నాకు కావలసింది, ఇదెందుకు పెట్టెలోకి రాదు అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఏటి మొగలో ఆమె ఆ బొమ్మ పరిచింది. నారాయణపక్షి మెడ ఒకసారి గట్టిగా వణికింది. పక్షులు అలాగే నవ్వుతాయట.

"ఇంకేం చెప్పను తల్లీ? వెలుగు నీకు తెలిసింది. దూరం నీకు తెలిసింది. నీ అన్న సంగతి నాకు తెలియదు, అది నీకే తెలుసు. ఒక్కటి అడుగుతాను. ఎవరూ కదలవద్దని చెప్పకుండానే అతను కదలకుండా ఉండే వేళ ఏది?"

నూకాలు ఇంటికి నడుస్తూ ఆలోచించింది. తినేటప్పుడా? తింటూ కాలు ఊపుతాడు. నిద్రలోనా? నిద్రలో అతను ఈత కొడతాడు. మరి ఎప్పుడు?

ఇంటికి చేరేసరికి పైడన్న గడపలో కూర్చుని తన మునక తాడు చూసుకుంటున్నాడు. సముద్రం అడుగు నుంచి మనిషిని పైకి లాగే తాడు అది. ప్రయాణానికి ముందు దాన్ని జానెడు జానెడుగా వేళ్ల మధ్య జరుపుతూ ఎక్కడ పోగు సడలిందో తడిమి చూసుకోవాలి. కళ్లతో చూస్తే తెలియదు, వేళ్లకే తెలుస్తుంది. అందుకని కళ్లు సగం మూసి, తల కొంచెం వంచి ఉన్నాడు. సాయంకాలపు పొద్దు తలుపు సందులోంచి వచ్చి అతని చెంప మీద పడి ఉంది.

మిగిలిన ఒకే ఒక్క పట్టుముక్కను నూకాలు పెట్టెలో బిగించింది. చెప్పాపెట్టకుండా దగ్గరగా కూర్చుంది. మూత తీసింది.

చరణం ఎప్పుడూ లోలోపలే పాడుకునేది కదా. ఆ వేళ ఎందుకో గొంతు దానంతట అదే విచ్చుకుంది. వాళ్లమ్మ పాడిన జోలపాట అది. ముఖం మరిచిపోయిన కూతురికి పాట మాత్రం మిగిలింది. మొదటి మాట వినబడగానే పైడన్న వేళ్లు తాడు మీద ఆగిపోయాయి. తల ఎత్తలేదు. ఎక్కడో దూరాన్నుంచి ఎవరో పిలిస్తే ఆలకించినట్టు అలాగే ఉండిపోయాడు. పెదవి చివర నవ్వు పుట్టింది. కనుబొమ మీది మచ్చ మెల్లగా లేచి, లేచినచోటే నిలిచింది.

చరణం అయిపోయింది. మూత పడింది.

"పట్టావా?" అన్నాడు పైడన్న.

"తెలియదన్నా" అంది నూకాలు.

ఉప్పునీళ్లలో జాడించి ఎత్తి పట్టుకుంటే, ఆ తడి గుడ్డలో పైడన్న ఉన్నాడు. సగం ముఖం వెలుగులో, సగం ముఖం మెత్తని నీడలో. వింటూ ఉన్నాడు.

సంతనాడు అది తాడెక్కింది. చిలక నోరు తెరిచేలోపే జనం మూగారు. ముఖం ఉన్న బొమ్మను ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. ముసలివాళ్లు దగ్గరకొచ్చి, వేలు గాల్లోనే ఆపి, ఆ మచ్చను తాకబోయి మానుకున్నారు.

"ఒక చెవి రాలేదు" అంది కాకి. ఎవరూ నవ్వలేదు.

నారాయణపక్షికి చూపిస్తే ఎన్నడూ లేనంతసేపు చూసింది. "ఇతను ఎవరి మాటో వింటున్నాడు" అంది. అంతే అంది. నూకాలుకు అది చాలింది.

రెండు పొద్దులు తిరక్కుండానే ఉత్తరపుగాలి వచ్చేసింది. పడవల మీద తెరచాపలు కడుపు నింపుకున్నాయి. రేవులో నూకాలు నీడపెట్టెను అన్న చేతిలో పెట్టింది. దానితోపాటు ఇరుగుపొరుగు ఇచ్చిన పట్టుముక్కలు ఒక మూట.

"నాకెందుకమ్మడూ? నాకు చేతకాదు."

"మొదట ఎవరికి చేతనయింది? నీకు అక్కడ ఏది చూడబుద్ధయితే అది పట్టు. తిరుగు పడవల్లో పంపించు. నేను ఇంకొక పెట్టె చేసుకుంటాను."

"పాట ఏది పాడుకోను?"

"తెలియనట్టు అడుగుతావేం" అంది నూకాలు.

పడవలు మంచుతెరల్లోకి ఒక్కొక్కటే పోయాయి. మొదట తెరచాప పోయింది, తరవాత తెడ్ల చప్పుడు పోయింది, చివరికి ఊపుతున్న చెయ్యి పోయింది. నూకాలు ఇంటికి వచ్చి బొమ్మను గడప పక్కన వేలాడదీసింది. ఆమె పాడినప్పుడల్లా అన్న వింటున్నట్టే ఉండేవాడు.

ఋతువులు తిరిగాయి. దక్షిణపుగాలి మీద ఒక పడవ వచ్చింది. పడవ నడిపే సరంగు పైడన్న పంపిన పట్టుముక్క ఇచ్చాడు. నూకాలు దాన్ని రేవులో తాడు మీద వేసింది. గాలికి అది విప్పుకుంది.

వంకరగా, ఒక మూల మాడి, సగం పొగతో నిండి ఉంది. ఇసుక మీద ఒక పొయ్యి. పొయ్యి మీద పొంగుతున్న అన్నం కుండ.

"ఆహా" అని మొదలుపెట్టింది చిలక.

"దీన్ని బొమ్మ అంటారా" అని మొదలుపెట్టింది కాకి.

"కాసేపు ఊరుకోండి. నన్ను చూడనివ్వండి" అంది నూకాలు.

రెండూ ఊరుకున్నాయి. ఆమె చాలాసేపు నిలబడి చూసింది. అందులో అన్న ఏమి పట్టాలనుకున్నాడో ఆమెకు తెలిసింది. నేను వేళకు తింటున్నాను, దిగులు పడకు అని పట్టాడు. ఆమె కళ్లు చెమర్చాయి. అయినా వంకర వంకరే. మూల మాడింది మాడిందే. ప్రేమకొద్దీ అది దాచేస్తే తరవాతి బొమ్మా వంకరే వస్తుంది. వెక్కిరిస్తే తరవాతి బొమ్మే రాదు.

"ఏం చెప్పమంటావమ్మా మీ అన్నకు?" అని అడిగాడు సరంగు, సరుకు మూటల తాడు విప్పుతూ.

"అన్నం పొంగు ఎంత బాగా దొరికిందంటే నాకు గంజి వాసన వచ్చిందని చెప్పు బాబాయ్. పెట్టె పట్టుకునేటప్పుడు మోచేతులు మోకాళ్లకు ఆనించుకోమను, వంకర పోతుంది. ఈసారికి ఆ ఒక్కటి చాలు."

"మాడిన మూల సంగతి?"

"అది వచ్చే గాలికి చెబుదాం" అంది నూకాలు.

ఆ వచ్చే గాలికి వచ్చిన బొమ్మ నిటారుగా ఉంది. అందులో కుండ ఉంది, కుండలో తెడ్డు ఉంది, తెడ్డు పట్టుకున్న అన్న చెయ్యి ఉంది. ఆనాటినుంచి తెరలకోనలో ఎవరు ఎవరి బొమ్మ చూసినా, నోరు విప్పేముందు నిలబడి, "నువ్వు ఏమి పట్టాలనుకున్నావు?" అని అడగడం ఆచారమయిందట.

కనుక పిల్లలూ, ఊరికే పొగిడే నోరూ ఊరికే తెగిడే నోరూ చేతికి పని నేర్పలేవు. నిదానంగా చూసి, ఉన్న మంచి చెప్పి, వేయవలసిన తరవాతి అడుగు ఒక్కటి చూపేదే నిజమైన చూపు.